టైల్స్ మీద బొమ్మలు తీసేయడంపై ఫిర్యాదు

కస్టమర్ సపోర్ట్ విభాగం వారికి,

విషయం: మీ కంప్యూటర్ మహ్‌జాంగ్ గేమ్ కొత్త అప్‌డేట్ గురించి

అయ్యా / అమ్మా,

టైల్స్ జతలు కలిపే మీ గేమ్‌ని మూడేళ్ల క్రితం డబ్బు కట్టి మా నాన్నగారి కోసం కొన్నాను. ఆయనకి 71 ఏళ్లు, రిటైరైన టీచర్. మధ్యాహ్నం భోజనం అయ్యాక ఒక ఆట, రాత్రి వార్తలు చూశాక ఒక ఆట. పోయిన నెల అప్‌డేట్ వచ్చాక ఆడటం మానేశారు. గేమ్ బాగానే తెరుచుకుంటోంది. ఆయనకే టైల్స్ మధ్య తేడా తెలియడం లేదు.

నాన్నగారికి ఎరుపు, ఆకుపచ్చ రంగుల తేడా పుట్టుకతోనే తెలియదు. కుర్రతనంలో రైల్వే ఉద్యోగానికి వెళ్తే, మెడికల్ టెస్టులో రంగు చుక్కల పుస్తకం ముందు పెట్టి చుక్కల మధ్య అంకె ఎంతో చెప్పమన్నారట. ఆయనకి అంకె కనిపించలేదు, ఉద్యోగం రాలేదు. ఆ సంగతి ఆయన ఇప్పటికీ ఎక్కువగా మాట్లాడరు.

మహ్‌జాంగ్‌లో ఆయనకి ఆ ఇబ్బంది ఎప్పుడూ రాలేదు. 144 టైల్స్, అన్నిటి మీదా బొమ్మలే: వెదురు కర్రలు, చక్రాలు, చైనా అంకెలు, నాలుగు దిక్కుల గాలులు, పూలు, ఋతువులు. వెదురు ఒకటి మీద కర్ర బదులు పిట్ట ఉంటుంది, మా ఇంట్లో దాని పేరు పిట్టే. ఎర్ర డ్రాగన్, పచ్చ డ్రాగన్ అనే టైల్స్‌కి రంగు తేడా తెలియకపోయినా వాటి మీది అక్షరం తేడా తెలిసేది. పూలు, ఋతువులు తప్ప ఏ బొమ్మైనా నాలుగుంటాయి కదా, మూడు కనిపిస్తుంటే ఏ రెండు ముందు తీయాలి, తీస్తే కింద ఏం బయటపడుతుంది అని కళ్లజోడు సర్దుకుంటూ చాలాసేపు ఆలోచించేవారు.

మీరు ఆ బొమ్మలన్నీ తీసేసి రంగురాళ్లు పెట్టారు. అన్నీ ఒకే గుండ్రటి ఆకారం. కెంపుకీ పచ్చకీ తేడా రంగొక్కటే. మొదటి రోజు ఆయన కెంపు నొక్కి, పచ్చ నొక్కి, "జత కలవట్లేదు, మౌస్ పాడైందేమో చూడమ్మా" అని నన్ను పిలిచారు. విషయం చెప్పాక "పోనీలేమ్మా" అని కంప్యూటర్ ఆపేశారు. నాకు చాలా బాధేసింది.

సెట్టింగ్స్ అంతా వెతికాను, పాత టైల్స్ పెట్టుకునే దారి లేదు. మీకు రెండుసార్లు మెయిల్ చేశాను. రెండుసార్లూ కంప్యూటర్ రీస్టార్ట్ చేయమనే జవాబు వచ్చింది. నేను అడిగిందేమిటో ఎవరూ చదవలేదు.

వెబ్‌సైట్ల కోసం డబ్ల్యూ3సీ అనే అంతర్జాతీయ వెబ్ ప్రమాణాల సంస్థ పెట్టిన నియమాల్లో, ఏ విషయాన్నైనా రంగు ఒక్కదానితోనే తెలియజేయకూడదని స్పష్టంగా ఉంది. గేమ్స్‌కి ఇది కొత్తా అంటే అదీ కాదు. 2001లో వచ్చిన బిజ్యువెల్డ్ అనే గేమ్‌లోనూ రంగురాళ్లే, కానీ ఒక్కో రంగుకి ఒక్కో ఆకారం ఉంది. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియనివాళ్లు మగవాళ్లలో ఎక్కువ. మీ గేమ్ ఆడేవాళ్లలో మా నాన్నగారు ఒక్కరే అయి ఉండరు.

ఇంకొకటి. ప్రతి బోర్డూ పూర్తి చేయవచ్చని కొన్నప్పుడు మీరే రాశారు. ఇప్పుడు సగంలో జతలు అయిపోయాయని చూపించి, మిగిలిన టైల్స్‌ని కలగలిపి మళ్లీ పేర్చడానికి గేమ్‌లోని నాణేలు కొనమంటోంది. బోర్డు తయారుచేసేటప్పుడు జతల్ని చివరి నుంచి వెనక్కి పేర్చుకుంటూ వస్తే పూర్తయ్యే బోర్డే తయారవుతుంది. ఇన్నాళ్లూ ఉన్నదాన్ని తీసేసి, డబ్బు కట్టినవాళ్లనే మళ్లీ డబ్బు అడగడం అన్యాయం.

పాత బొమ్మల టైల్స్‌ని సెట్టింగ్స్‌లో మళ్లీ ఇవ్వండి. దానికి టైమ్ పడితే, ఈలోగా అప్‌డేట్‌కి ముందున్న వెర్షన్ లింక్ పంపండి. ఈ రెండూ కుదరకపోతే మా డబ్బు తిరిగి ఇవ్వండి. 15 రోజుల్లో జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేస్తాను. బిల్లు, పాత కొత్త టైల్స్ స్క్రీన్‌షాట్‌లు జతచేశాను. దయచేసి ఈసారైనా వాటిని తెరిచి చూడండి.

ఇట్లు,
మీ గేమ్ కొన్న వినియోగదారు,
రాజమహేంద్రవరం