వాషింగ్టన్ అనే ఇంటిపేరు ఎవరిది?

సంపాదకుడు గారికి,

ఆదివారం సంచికలో ఇంగ్లిష్ ఇంటిపేర్ల మీద వేసిన వ్యాసం ఆసక్తిగానే సాగింది, కానీ వాషింగ్టన్ దగ్గరకొచ్చేసరికి రచయిత రెండు ముక్కల్లో తేల్చేశారు. అది అమెరికా మొదటి అధ్యక్షుడి ఇంటిపేరట, అక్కడి నల్లజాతివాళ్లలో అంతమందికి ఆ పేరుందంటే వాళ్ల పూర్వీకులు ఆయన దగ్గర బానిసలు కాబట్టి యజమాని తన పేరు తగిలించాడట. మొదటిది సగం కథ, రెండోది చాలావరకు తప్పు. ఏదో తేదీ తప్పు పడితే ఈ ఉత్తరం రాసేవాణ్ణి కాదు.

ముందు ఊరి సంగతి చెప్పుకోవాలి. ఇంగ్లండ్ ఉత్తరాన, ఇప్పుడు సండర్‌లాండ్ నగర పరిధిలోకి వచ్చే వాషింగ్టన్ అనే ఊరుంది. ఊరి పేరే ఇంటిపేరవడం మనకు కొత్తేం కాదు కదా, అక్కడా అదే జరిగింది. 1183లో డర్హమ్ బిషప్ తన భూముల లెక్కలన్నీ రాయించినప్పుడు అందులో విలియం డి హెర్ట్‌బర్న్ అనే ఆయన కనిపిస్తాడు. హెర్ట్‌బర్న్ ఊరిని వదులుకుని దానికి బదులు వాషింగ్టన్ పుచ్చుకున్నాడు, శిస్తు నాలుగు పౌండ్లు, పైగా బిషప్ పెద్ద వేటకు బయల్దేరితే నాలుగు వేటకుక్కలతో వెంట వెళ్లాలి. చూడండి, ఆయన అప్పటికే ఒక ఊరి పేరు మోస్తున్నాడు, ఊరు మారగానే పేరూ మార్చేసి డి వెస్సింగ్టన్ (వాషింగ్టన్‌కు అప్పటి రూపం) అయిపోయాడు. అంటే ఆ రోజుల్లో అది వంశం పేరు కన్నా అడ్రసు లాంటిదే, పిల్లలూ మనవలూ అదే పట్టుకుని కూర్చున్నాక గానీ ఇంటిపేరుగా స్థిరపడలేదు. పదిహేనో శతాబ్దంలో డర్హమ్ మఠానికి పెద్దగా ఉన్న జాన్ వెస్సింగ్టన్ పేరూ ఆ ఊరి నుంచి వచ్చిందే.

కుటుంబంలో ఒక శాఖ దక్షిణానికి దిగింది. లారెన్స్ వాషింగ్టన్ అనే ఉన్ని వ్యాపారి నార్తాంప్టన్‌కు మేయరయ్యాడు, ఎనిమిదో హెన్రీ మఠాలు మూయించి వాటి భూములు అమ్మేస్తున్నప్పుడు 1539లో సల్‌గ్రేవ్ ఎస్టేటు కొనుక్కున్నాడు. ఆయన వంశంలోనే ఇంకో లారెన్స్ ఎసెక్స్‌లో పాదిరీ. ఇంగ్లండ్ అంతర్యుద్ధం రోజుల్లో, 1643లో, సారా దుకాణాల చుట్టూ తిరుగుతాడన్న ఆరోపణతో పార్లమెంటువాళ్లు ఆయన్ని చర్చి నుంచి తీసేశారు. రాజు పక్షం మనిషి కావడమే అసలు నేరమని నా అనుమానం. ఆస్తి పోయిన ఆ ఇంటి నుంచి కొడుకు జాన్ ఓడెక్కి వర్జీనియా వెళ్లాడు, 1657లో తిరుగు ప్రయాణంలో పొగాకు నింపుకున్న ఓడ పొటోమాక్ నదిలో ఇరుక్కుపోయింది, ఆయన అక్కడే ఉండిపోయి పెళ్లి చేసుకున్నాడు. 1732లో పుట్టిన జార్జ్ వాషింగ్టన్ ఈయన మునిమనవడు. అంత ప్రసిద్ధుడైన ఆ జార్జ్‌కు సొంత పిల్లలు లేరు. పేరు నిలబెట్టింది తమ్ముళ్ల సంతానం, ఇతర శాఖలవాళ్లూను.

ఇక అసలు విషయం. 2000 జనాభా లెక్కల్లో అమెరికాలో ఈ ఇంటిపేరున్నవాళ్లు 1,63,036 మంది, వాళ్లలో 90 శాతం నల్లజాతివాళ్లు. వీళ్లంతా జార్జ్ ఎస్టేటు మౌంట్ వెర్నాన్‌లోని బానిసల సంతానమని మీ రచయిత అనుకున్నట్టున్నారు. అక్కడి మనుషుల పేర్లు ఒక్కసారి చూస్తే చాలు: అమెరికా స్వాతంత్ర్య యుద్ధమంతా జార్జ్ వెంట తిరిగిన విలియం లీ, 1796లో పారిపోయి మళ్లీ దొరకని ఓనా జడ్జ్, క్రిస్టఫర్ షీల్స్, కరొలైన్ బ్రానమ్. వీళ్లెవరి ఇంటిపేరూ వాషింగ్టన్ కాదు. బానిసలకు తమలో తాము వాడుకునే ఇంటిపేర్లు ఉండేవి, చాలామంది యజమానులకు అవి తెలిసేవే కావు, తెలిసినా రాసుకునేవాళ్లు కాదు. 1850, 1860 జనాభా లెక్కల్లో బానిసల వయసు, ఆడా మగా అని తప్ప పేరే ఉండదు. దక్షిణాదిలో స్వేచ్ఛ పొందినవాళ్లంతా పేరూ ఇంటిపేరుతో లెక్కకెక్కింది 1870లోనే. అప్పుడు తమ ఇంటిపేరు ఏమిటో చెప్పింది వాళ్లు, రాసుకుంది గుమాస్తా.

నల్లజాతి విద్యావేత్త బుకర్ టి. వాషింగ్టన్ సంగతే తీసుకోండి. 1856లో వర్జీనియాలో బానిసగా పుట్టాడు, స్వేచ్ఛ వచ్చాక బడికెళ్తే హాజరు పిలుస్తున్నప్పుడు మిగతా పిల్లలందరికీ రెండేసి పేర్లున్నాయి, తనకు ఒక్కటే. వంతు వచ్చేసరికి ఏ తడబాటూ లేకుండా బుకర్ వాషింగ్టన్ అని చెప్పేశాడు. ఆయన మారుతండ్రి పేరు వాషింగ్టన్ ఫెర్గూసన్, అంటే ఒకరి మొదటి పేరు ఇంకొకరికి ఇంటిపేరైంది. ఇందులో ఏ యజమాని తగిలించాడో మీ రచయితే చెప్పాలి.

నిజంగా జార్జ్ దగ్గర బానిసగా ఉండి ఆ ఇంటిపేరు వాడినవాడు ఒకడున్నాడు, హ్యారీ వాషింగ్టన్. ఆఫ్రికాలో పుట్టాడు, మౌంట్ వెర్నాన్‌లో గుర్రాలు చూసేవాడు. 1776లో పారిపోయి బ్రిటిష్‌వాళ్లతో కలిశాడు, యుద్ధం ముగిశాక 1783లో న్యూయార్క్ నుంచి నోవా స్కోషియాకు, 1792లో అక్కణ్ణుంచి సియెర్రా లియోన్‌కు వెళ్లాడు. 1800లో ఆ వలసను నడిపే బ్రిటిష్ కంపెనీ భూమి పన్ను అడిగితే తిరగబడ్డవాళ్లలో అతనూ ఉన్నాడు, శిక్షగా ఊరి నుంచి వెళ్లగొట్టారు. పన్నుల గొడవతో బ్రిటిష్‌వాళ్ల మీద తిరగబడిన పాత యజమాని బొమ్మ డాలరు నోట్ల మీద ఉంది, అదే పని చేసిన ఇతనికి మీ వ్యాసంలో ఒక్క వాక్యం దక్కలేదు.

యజమాని తగిలించాడు అని రాస్తే, పేరు తామే ఎంచుకున్నవాళ్ల చేతిలోంచి ఆ ఎంపికను లాగేసినట్టే. కొందరు యజమాని ఇంటిపేరు తీసుకున్న మాట నిజమే, కాదనను. కానీ 1983లో చికాగోకు మొదటి నల్లజాతి మేయరుగా గెలిచిన హరాల్డ్ వాషింగ్టన్, 1975లో వాషింగ్టన్ నగరానికే ఎన్నికైన మేయరుగా బాధ్యతలు తీసుకున్న వాల్టర్ వాషింగ్టన్ లాంటివాళ్లను వదిలేసి ఈ పేరు చరిత్ర రాయడం కుదరదు. సవరణ వేసేటప్పుడు వాళ్లనూ కలపండి.

ఇంకొక్కటి. అమెరికా జాతీయ జెండాలోని నక్షత్రాలు, చారలు వాషింగ్టన్ల వంశచిహ్నం నుంచే వచ్చాయని కూడా వేశారు, దానికి ఆధారం లేదు. ఆ చిహ్నంలోని మూడు ఎర్ర నక్షత్రాలు, రెండు ఎర్ర పట్టీలు కనిపించేది 1938 నుంచి వాడుతున్న వాషింగ్టన్ డీసీ నగర జెండా మీద.

ఇట్లు,
మీ పాఠకుడు