అమ్మలూ, ఆ ఉద్యోగం ఒప్పుకో

విజయనగరం,
ఆదివారం రాత్రి

చి॥ అమ్మలుకి నాన్న ఆశీస్సులు.

నీ మెసేజ్ నాలుగుసార్లు చదివాను. ఫోన్లో అయితే నువ్వు ఏడుస్తావు, నేను "సర్లే సర్లే" అని పెట్టేస్తాను. అందుకే కాగితం మీద రాసి, మీ అన్నయ్య చేత ఫొటో తీయించి పంపుతున్నాను. అక్షరాలు చూసి నవ్వకు, కళ్లజోడు మార్చుకోవాలి.

ముందు మీ అమ్మ మాట. పొద్దున్నే ఏదో ఒకటి తిని బయల్దేరమంటోంది. ఖాళీ కడుపుతో ఊదితే కళ్లు తిరుగుతాయి, అది నిజమే.

ఇక నీ సంగతి. ఆ పాఠశాలలో వారానికి నాలుగు రోజులు పిల్లలకి క్లారినెట్టు నేర్పే ఉద్యోగం వచ్చిందన్నావు. మీ అయిదుగురి జట్టేమో ఏడాదిపాటు ఇంకే పనీ పెట్టుకోకుండా ఊళ్లు తిరిగి కచేరీలు చేద్దామంటోంది. "ఉద్యోగంలో చేరితే ఓడిపోయినట్టేనా నాన్నా" అని అడిగావు.

చేరు. కారణం చెబుతాను, నీకు ఇంతవరకు చెప్పనిది.

నువ్వు రెండో తరగతిలో ఉండగా మా మిల్లు లాకౌట్ అయింది. గేటుకి నోటీసు అంటించారు, అంతే. పది నెలలు జీతం లేదు. అంతకుముందు పెళ్లి బేండులో క్లారినెట్టు ఊదడం నాకు సరదా. ముహూర్తాలప్పుడు సెలవు పెట్టి వెళ్లేవాణ్ణి, పార్టీ నచ్చకపోతే రానని చెప్పేవాణ్ణి. ఆ పది నెలలూ రాననే మాట నోట్లోంచి రాలేదు. గంటస్తంభం నుంచి మూడు లాంతర్ల దాకా ఊరేగింపు, జనరేటర్ బండి పొగ మొహాన కొడుతుంటే, పెళ్లికొడుకు స్నేహితులు అడిగిన ఒకే పాట ఎన్నిసార్లు ఊదానో. అడిగినవాడు జేబులో నోటు పెడతాడు, ఇంకోసారి అంటాడు. ఊదడమే.

రోజూ తెల్లవారుఝామున మేడమీద ఓ అరగంట మోహనమో హిందోళమో నాకోసం నేను ఊదుకునేవాణ్ణి కదా, అది పోయింది. మనం పస్తులున్నామని కాదు. ఆ క్లారినెట్టే మనకి అన్నం పెట్టింది, కాదనను. కానీ ఇంటద్దె, మీ ఫీజులు దాని నెత్తిన వేసేసరికి ఆ పెట్టె చూస్తేనే చిరాకు. ఆ రోజుల్లో నువ్వు ఒక్కసారి ఊదుతానని వెంటపడితే, విరిగిపోతుందని కసిరాను గుర్తుందా? అబద్ధం. ఇంట్లో దాని చప్పుడు వినబుద్ధి కాలేదు. మిల్లు తెరిచాక కూడా చాన్నాళ్లు పెట్టె తీయలేదు.

మీ జట్టు కచేరీ డబ్బు అయిదు భాగాలు చేసి, రైలు టికెట్లు, మూతికి బిగించే రెల్లు రీడ్లు పోగా ఏం మిగులుతుందో నువ్వే లెక్క రాసి పంపావు. పది రీడ్ల పెట్టె కొంటే కచేరీకి పనికొచ్చేవి రెండో మూడో అనీ అన్నావు. ఆ లెక్కతో ఏడాది నడిపితే, మూడో నెలకల్లా ఇష్టం లేని ప్రోగ్రాంలు ఒప్పుకుంటారు, ఆరో నెలకి ఒకరి మీద ఒకరు సన్నాయినొక్కులు మొదలెడతారు. బేండులో చూశాను కాబట్టి చెబుతున్నాను.

మీ జట్టు వాయించి పంపిన మొజార్ట్ క్వింటెట్ (అయిదుగురు వాయించే పాట) విన్నాక మీ అన్నయ్య చేత వెతికించి కొంత చదివించుకున్నాను. 1789లో స్టాడ్లర్ అనే క్లారినెట్టు ఆయన కోసం రాశాడట. ఆ స్టాడ్లర్ వియన్నా ఆస్థానంలో జీతగాడు. (జీతం ఉండీ మొజార్ట్ పోయేనాటికి ఆయనకి 500 ఫ్లోరిన్లు బాకీ పడ్డాడట. ఈ సంగతి మా డ్రమ్ము ఆయనకి చెబితే "మనవాడే" అన్నాడు.) పాటలు కట్టే ఆ బ్రామ్స్ మరీనూ. 1890లో ఇక రాయనని కలం పక్కన పెట్టిన మనిషి, మరుసటేడు జర్మనీలోని మైనింగెన్‌లో మ్యూల్‌ఫెల్డ్ క్లారినెట్టు ఊదుతుంటే విని మళ్లీ మొదలుపెట్టాడు. క్లారినెట్టు ఉండే ట్రయో (ముగ్గురిది), క్వింటెట్, 1894లో రెండు సొనాటాలు (ఇద్దరివి). ఎవరా మ్యూల్‌ఫెల్డ్? అక్కడి ప్రభువు ఆర్కెస్ట్రాలో వయొలిన్ ఉద్యోగి, తర్వాత సొంతంగా క్లారినెట్టు నేర్చుకున్నాడు. నెల తిరిగేసరికి జీతం అందుకున్నవాళ్ల కోసమే, నువ్వు ప్రాణం పెట్టే ఈ పాటలు పుట్టాయి.

అంత దూరం ఎందుకు, మన ఊళ్లో 1919లో సంగీత కళాశాల పెట్టినప్పుడు ద్వారం వెంకటస్వామినాయుడు గారు విద్యార్థిగా చేరదామని వచ్చి, వయొలిన్ వినిపించి మాస్టారుగా కుదిరిపోయారని చెప్పుకుంటారు. 1936లో ఆయనే ప్రిన్సిపాల్. పిల్లలకి పాఠం చెబితే ఆయన కమాను ఏమీ మొద్దుబారలేదు.

పాఠం చెప్పడం అంటే గుర్తొచ్చింది. తొమ్మిదో ఏట నువ్వు మొదటిసారి వెనక బొటనవేలి కీ నొక్కి ఏడ్చావు. సన్నాయిలో గట్టిగా ఊదితే అదే స్వరం పై స్థాయిలో పలుకుతుంది కదా, ఇందులోనూ అంతే అనుకున్నావు. 'స' ఊది కీ నొక్కితే పై స్థాయి 'ప' వచ్చింది. ఎందుకు, ఎందుకు అని ప్రాణం తీశావు. నాకేం తెలుసు, ఇరవై ఏళ్లుగా వేళ్లు వాటంతటవే వెళ్లిపోతున్నాయి. చివరికి ఒక పెద్దాయన్ని అడిగి కనుక్కున్నాను. సన్నాయి కిందికి పోయేకొద్దీ వెడల్పు, క్లారినెట్టు గొట్టం లోపల దాదాపు ఒకే లావు, రీడు వైపు మూసేసినట్టే లెక్క, అందుకే దాని మెట్టు వేరు. నీకు చెప్పాల్సి వచ్చి నేను నేర్చుకున్నాను. నీ దగ్గరికీ అలాంటి మొండిఘటం ఒకటి వస్తుంది, చూస్తూ ఉండు.

అలాగని జట్టు వదలమని కాదు. నాలుగు రోజులు బడి, రెండు రోజులు ఆ నలుగురికి. రిహార్సల్ మానావని తెలిస్తే ఊరుకోను. ఆ క్వింటెట్ రెండో భాగంలో, వయొలిన్లకి మ్యూట్లు పెట్టి మెల్లగా వాయిస్తారే, అక్కడ నీ చివరి స్వరం ఇంకా ఊపిరి ఉండగానే సన్నగా తగ్గించేశావు. పక్కనున్న వయొలిన్ అమ్మాయికి దారి ఇచ్చావు. ముందు ఊపిరి చాలలేదనుకున్నాను. మళ్లీ పెట్టి విన్నాను, కాదు, కావాలనే. మా ఊరేగింపులో పక్కవాడు తగ్గితే మనం పెంచుతాం. నలభై ఏళ్లలో ఒక్కసారి కూడా అలా దారి ఇవ్వలేదు నేను. చేతికర్ర పట్టుకుని తాళం చూపించేవాడు లేకుండా అయిదుగురు ఒక్కసారి ఊపిరి తీయడం ఎలా కుదిరిందో ఈసారి వచ్చినప్పుడు నాకు చెప్పాలి.

ఇంకోటి. 1941 జనవరిలో యుద్ధ ఖైదీల శిబిరంలో మొదటిసారి వాయించిన, మెసియాన్ అనే ఫ్రెంచి ఆయన రాసిన ఆ పాట, అందులో క్లారినెట్టు ఒంటరిగా ఉండే భాగం పంపావు కదా. వినీ వినబడనట్టు మొదలుపెట్టి ఒకే స్వరాన్ని పెంచుకుంటూ పోవాలి. మొన్న తెల్లవారుఝామున మేడెక్కి ప్రయత్నించాను. మొదటిసారి కీచుమంది. రెండోసారి సగం దాకా వచ్చాను. మూడోసారికి పక్కింటి ఆవిడ గోడ మీంచి తొంగిచూసి, "ఏటయింది బాబాయ్, ఎవరికైనా బాగోలేదా?" అంది.

అవును, పెట్టె తీశాను. మన ముసలి ఆల్బర్ట్ సిస్టమ్ (పాతకాలపు కీల అమరిక) క్లారినెట్టుకి పేడ్లు, అవే కన్నాలు మూసే మెత్తలు, చెడిపోయాయి, కింది నుంచి మూడోదానిలోంచి గాలి పోతోంది. నీ జర్మన్ వాయిద్యం దీనికి పినతల్లి కూతురి వరస కదా, అక్కడ పేడ్లు సులువుగా దొరుకుతాయేమో చూడు. ఇక్కడివి సరిగ్గా కూర్చోవడం లేదు. నీది మాత్రం గది వేడెక్కకముందు ఊదకు, చలికి కర్ర పగిలిపోతుంది.

దసరా తర్వాత మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమాను పండక్కి ఊదడానికి మా బేండు వాళ్లు రమ్మంటున్నారు. ఇంకా ఏమీ చెప్పలేదు. పేడ్ల కొలతలు వెనక పేజీలో రాశాను, మిల్లీమీటర్లలో. కొరియర్ ఎన్ని రోజులు పడుతుందో కనుక్కుని చెప్పు.

నాన్న