నాన్న మాత్ర ఎందుకు ఆపకూడదంటే

చిన్నా,

ఇక్కడ మేమిద్దరం బాగున్నాం. మొన్న ఫోన్లో మీ నాన్నకి వత్తాసు పలికావు కదా, "చెడు కొలెస్ట్రాల్, అదే ఎల్‌డీఎల్, 82కి దిగిందిగా, ఇంకా ఆ మాత్ర ఎందుకమ్మా" అని. అప్పుడే చెప్పేదాన్ని. కానీ ఫోన్లో చెబితే ఊ కొడుతూ నీ లాప్‌టాప్ నువ్వు చూసుకుంటావు. అందుకే రాస్తున్నా. జీవితమంతా బయోకెమిస్ట్రీ చెప్పినదాన్ని, కాస్త క్లాసు పీకుతాను, ఓర్చుకో.

ఒంట్లో ఉండే కొలెస్ట్రాల్లో ఎక్కువ భాగం తిండిలోంచి రాదు, ఒళ్లే తయారుచేసుకుంటుంది. దానికి దాదాపు 30 రసాయన చర్యలు జరగాలి. వాటన్నిటి వేగం ఒక ఎంజైము చేతిలో ఉంది: హెచ్‌ఎంజీ-కోఎ రిడక్టేజ్. మీ నాన్న వేసుకునే మాత్ర, స్టాటిన్, అడ్డుకునేది దీన్నే. జపాన్‌లో ఆకిరా ఎండో 1973లో ఒక బూజులో కనిపెట్టిన పదార్థంతో ఈ మందుల కథ మొదలైంది. ఇంతవరకు నువ్వు గూగుల్లో చూసే ఉంటావు. నాకు ఇష్టమైన పాఠం ఇక్కడి నుంచి.

కొలెస్ట్రాల్ చాలినంత చేరాక కణం ఈ ఎంజైమును ఆపి ఊరుకోదు, ఏకంగా కూల్చేస్తుంది. రిడక్టేజ్ ఉండేది కణం లోపలి ఎండోప్లాస్మిక్ రెటిక్యులం అనే పొరలో. స్టెరాల్స్, అంటే కొలెస్ట్రాల్, దాని జాతి పదార్థాలు, పెరిగితే అదే పొరలో ఉండే ఇన్సిగ్ అనే ప్రోటీన్ దాన్ని పట్టుకుంటుంది. ఇన్సిగ్‌తో అంటుకుని ఉండే ఎంజైములు రిడక్టేజ్ మీద యుబిక్విటిన్ అనే బుల్లి ప్రోటీన్‌ను అతికిస్తాయి. దాని మీద మరొకటి, ఆపైన ఇంకొకటి, అలా గొలుసు కడతాయి. రోడ్డు వెడల్పు చేసేముందు మున్సిపాలిటీ వాళ్లు ఇళ్ల గోడల మీద ఎర్ర పెయింటుతో గుర్తు పెడతారే, అలాంటిదన్నమాట. గుర్తు పడిన రిడక్టేజ్‌ను పొరలోంచి బయటికి లాగి, ప్రోటియాసోమ్ అనే, ప్రోటీన్లను ముక్కలు చేసే యంత్రంలో కణం తునకలు చేస్తుంది. మామూలుగా గంటల తరబడి నిలిచే ఎంజైము అప్పుడు చాలా త్వరగా మాయమైపోతుంది.

యుబిక్విటిన్‌లో ఉన్నవి 76 అమినో ఆమ్లాలే. అంత చిన్నదాని పనితీరు తేల్చినందుకు సీకానోవర్, హెర్ష్కో, రోజ్‌లకు 2004లో కెమిస్ట్రీ నోబెల్ ఇచ్చారు. రిడక్టేజ్‌లో ఈ గుర్తు పడేది 89, 248 స్థానాల్లో ఉన్న లైసీన్ అనే రెండు అమినో ఆమ్లాల మీద. డల్లాస్‌లో, కొలెస్ట్రాల్ పరిశోధకులు బ్రౌన్, గోల్డ్‌స్టీన్ పనిచేసిన సంస్థలోనే, ఆ రెంటినీ మార్చేసి ఎలుకల్ని పెంచారు. గుర్తు అతకడానికి చోటు లేక వాటి కాలేయంలో ఎంజైము పేరుకుపోయింది. ఇంత తేటగా జవాబిచ్చే ప్రయోగాలు తక్కువ. క్లాసులో చెప్పినప్పుడల్లా నాకు సరదాగా ఉండేది.

ఇప్పుడు స్టాటిన్ సంగతి. మాత్ర ఎంజైమును అడ్డుకోగానే కాలేయ కణంలో కొలెస్ట్రాల్ తగ్గుతుంది. కణం కరువొచ్చిందనుకుంటుంది. గుర్తు వేయడం తగ్గించేస్తుంది. పైగా ఎస్‌ఆర్‌ఈబీపీ అనే ప్రోటీన్ కేంద్రకంలోకి వెళ్లి రిడక్టేజ్ జన్యువునూ, ఎల్‌డీఎల్‌ను పట్టుకునే రిసెప్టర్ అనే ప్రోటీన్ జన్యువునూ గట్టిగా పనిచేయిస్తుంది. ప్రయోగశాలలో పెంచిన కణాల్లో స్టాటిన్ వేస్తే రిడక్టేజ్ 200 రెట్ల దాకా పెరుగుతుంది! మందు వాటన్నిటినీ పట్టి ఉంచాలి. ఈలోగా కాలేయం మీద పెరిగిన రిసెప్టర్లు రక్తంలోని ఎల్‌డీఎల్‌ను లోపలికి లాగేసుకుంటాయి. రిపోర్టులో అంకె దిగేది ముఖ్యంగా అందువల్లే.

మాత్ర ఆపేస్తే? పట్టి ఉంచేది పోయి ఎంజైము మళ్లీ పనిలో పడుతుంది, కణానికి కరువు తీరుతుంది, రిసెప్టర్లు తగ్గుతాయి. కొన్ని వారాల్లో అంకె పాత చోటికే వస్తుంది. కాబట్టి ఆ 82 మాత్ర వేసుకుంటున్న మనిషిది. మానేసిన మనిషికి అది వర్తించదు. ఈ ముక్క మీ నాన్నకి నువ్వే చెప్పు, నేను చెబితే నస అంటారు.

డోసు పెంచకుండా డాక్టరు ఎజెటిమైబ్ అనే రెండో మందు ఎందుకు కలిపారనీ అడిగావు. ఎస్‌ఆర్‌ఈబీపీ రిసెప్టర్లతో పాటు పీసీఎస్‌కే9 అనే ప్రోటీన్‌నూ పెంచుతుంది. ఇది ఆ రిసెప్టర్లనే కణంలో పాతవాటిని అరిగించే లైసోజోమ్‌కు పంపి నాశనం చేయిస్తుంది. ఒక చేత్తో ఇచ్చి రెండో చేత్తో తీసుకోవడమే. అందుకేనేమో, స్టాటిన్ డోసు రెట్టింపు చేసినా ఎల్‌డీఎల్ అదనంగా తగ్గేది సుమారు 6 శాతమే. ఎజెటిమైబ్ దారి వేరు, పేగులో కొలెస్ట్రాల్ లోపలికి పోకుండా ఆపుతుంది. రెండు మందులూ రెండు వైపుల నుంచి పనిచేస్తే లాభం.

పిక్కలు లాగుతున్నాయని మీ నాన్న ఈ మధ్య అంటున్నారు. మాత్ర వల్లో, సాయంత్రం నడక వల్లో ఇంట్లో కూర్చుని తేల్చలేం. శనివారం డాక్టరుకు చూపిస్తున్నాం, కండరాలు దెబ్బతిన్నాయేమో చూసే సీకే రక్తపరీక్ష రాయమని అడుగుతాను. రాత్రికి ఫోన్ చెయ్యి. ఆయనతో మాట్లాడేటప్పుడు మాత్ర ఊసు ఎత్తు, కానీ నేను రాశానని మాత్రం చెప్పకు.

ఆశీస్సులతో,
అమ్మ