పేరు మార్పు ప్రకటనలో ఇంగ్లీషు స్పెల్లింగూ వేయండి

సంపాదకులకు నమస్కారం.

మీ క్లాసిఫైడ్స్‌లో వచ్చే పేరు మార్పు ప్రకటనల్లో కొన్ని, ఇచ్చినవాళ్లకు ఎందుకూ పనికిరావు. పదో తరగతి సర్టిఫికెట్‌లో లక్ష్మి చివర ఇంగ్లీషు 'ఐ' ఉంటుంది, ఆధార్‌లో 'వై' ఉంటుంది. ఆ తేడా పోగొట్టుకోవడానికే ప్రకటన ఇస్తారు. తీరా అచ్చులో 'లక్ష్మి అను నేను ఇకపై లక్ష్మిగా పిలవబడుదును' అని వస్తుంది! ఏం మారిందని అధికారి రాసుకోవాలి? ప్రకటన తెలుగులోనే ఉన్నా పాత, కొత్త పేర్లు రెండూ ఇంగ్లీషు పెద్దక్షరాల్లో పడాలి. ఇంటిపేరు పొడి అక్షరంగా ఉందా, పూర్తిగా ఉందా, ముందుందా, చివరుందా అన్నది కూడా అందులోనే తేలాలి.

ముందు నాన్ జ్యుడీషియల్ స్టాంపు పేపరు మీద అఫిడవిట్ రాయించి నోటరీ చేయించాలి. ప్రకటన ఆ తర్వాతే. తండ్రి లేదా భర్త పేరు, ఆధార్‌లో ఉన్న చిరునామా, అఫిడవిట్ తేదీ, నోటరీ వివరం ప్రకటనలో ఉండాలి. చాలామంది తొందరపడి ప్రకటన ముందే ఇచ్చేస్తారు. తేదీలు తారుమారైతే ఫైలు వెనక్కి రావచ్చు.

పాస్‌పోర్టుకు క్లిప్పింగులు ఇచ్చేటట్టయితే రెండు దినపత్రికలు కావాలి. శాశ్వత చిరునామా ఉన్న ప్రాంతంలోనూ, ఇప్పుడు ఉంటున్న ప్రాంతంలోనూ వచ్చే పత్రికలై ఉండాలి. సొంతూరు శ్రీకాకుళం, కాపురం హైదరాబాద్ అయినప్పుడు ఏ ఎడిషన్‌లో వేస్తున్నారో ముందే అడగాలి. ప్రకటన ముక్క కత్తిరించి దాచుకుంటే చాలదు. పత్రిక పేరు, తేదీ కనిపించే పూర్తి పేజీ ఉంచుకోవాలి, అదీ రెండు మూడు కాపీలు. ఢిల్లీ సివిల్ లైన్స్‌లోని ప్రచురణల విభాగానికి కేంద్ర గెజెట్ (ప్రభుత్వ అధికారిక పత్రిక) కోసం పంపేటప్పుడు అసలు పేజీయే జతచేయాలి. ఆధార్‌లో పేరు మొత్తం మార్చాలంటే గెజెట్ ఉండాల్సిందే. ఆధార్‌లో పేరు మార్చుకునే అవకాశం మామూలుగా రెండుసార్లే కాబట్టి స్పెల్లింగు తేల్చుకున్నాకే కదలాలి.

పెళ్లయ్యాక భర్త ఇంటిపేరు పెట్టుకునే ఆడపిల్లలకు పాస్‌పోర్టు, పాన్ విషయంలో వివాహ ధ్రువపత్రం సరిపోతుంది. వాళ్లచేత అనవసరంగా ప్రకటన ఖర్చు పెట్టించకండి.

మీ ప్రకటనల ఫారంలో ఇంగ్లీషు స్పెల్లింగుకు రెండు గళ్లు, అఫిడవిట్ తేదీకి ఒక గడి చేర్చండి. అచ్చుకు పంపేముందు ప్రూఫ్ వాట్సాప్‌లో చూపించి సరేననిపించుకోండి. ఒక్క అక్షరం తప్పు పడినా మళ్లీ డబ్బు కట్టి మొదటినుంచి వేయించుకోవాల్సింది పాఠకుడే.

– ఒక న్యాయవాది, ఖమ్మం