ఇకపై పాట పేరుకన్నా ముందు దూరం అడుగుతాం

మేం చర్చి పెళ్లిళ్లలో ఆర్గన్ వాయిస్తాం. మా బుకింగ్ ఫారంలో ఇప్పటిదాకా మొదటి ప్రశ్న "ఏ పాట కావాలి?" అనేది. దాన్ని కిందికి జరిపాం. పెళ్లికూతురు సగం దారిలో ఉండగానే సంగీతం అయిపోవడం, లేదా ఆమె బలిపీఠం ముందుకొచ్చి నిలబడ్డాక వాయింపును మధ్యలో తుంచేయడం: ఈ రెండు పొరపాట్లూ మా వల్ల జరిగాయి. దూరం తెలుసుకోకుండా పాట ఒప్పుకోవడమే కారణం.

ఇప్పుడు ముందుగా అడిగేవి: తలుపు నుంచి బలిపీఠం దాకా ఎన్ని మీటర్లు, ఎంతమంది నడుస్తారు, మనిషికీ మనిషికీ ఎన్ని సెకన్ల ఎడం. పెళ్లి నడకకు సెకనుకు అర మీటరు లెక్క వేస్తాం. 25 మీటర్లకు 50 సెకన్లు. నలుగురు తోడి పెళ్లికూతుళ్లు 10 సెకన్ల ఎడంతో బయలుదేరితే చివరి అమ్మాయి చేరేసరికి 80 సెకన్లు, ఆ తర్వాత పెళ్లికూతురికి ఇంకో 50. మొత్తం 2 నిమిషాల 10 సెకన్లు. దయచేసి టేపుతో కొలవండి, అడుగులు లెక్కపెట్టొద్దు.

పాట ఎంత బాగుందన్నది ఒక ఎత్తయితే, దాన్ని ఎక్కడెక్కడ ఆపవచ్చన్నది మరో ఎత్తు. పాఖెల్‌బెల్ అనే స్వరకర్త రాసిన 'కానన్' అందుకే మాకు ఇష్టం. కింది స్థాయిలో 8 స్వరాల వరుస ఒకటి 28 సార్లు తిరుగుతుంది. నిమిషానికి 60 దెబ్బల కాలంలో ఒక ఆవర్తం 8 సెకన్లు. పెళ్లికూతురు ఎప్పుడు చేరినా, ఆ ఆవర్తం పూర్తిచేసి ముగించవచ్చు. అయితే ఎనిమిదో స్వరం పంచమం. అక్కడ ఆపితే పాట గాల్లో వేలాడుతుంది. షడ్జం మీద దిగాకే చేతులు తీయాలి. జెరెమియా క్లార్క్ 'ప్రిన్స్ ఆఫ్ డెన్మార్క్స్ మార్చ్' (చాలాకాలం పర్సెల్‌దని పొరబడ్డారు) కూడా అనుకూలమే, పల్లవి మళ్లీ మళ్లీ వస్తుంది కాబట్టి.

వాగ్నర్ 'బ్రైడల్ కోరస్' 1850 నాటి ఒపెరాలోది. కొన్ని చర్చిల్లో ఒప్పుకోరు, ముందే కనుక్కోండి. విడోర్ రాసిన 'టొకాటా' అనే ఆర్గన్ పాట పెళ్లయ్యాక బయటికి నడిచేటప్పటికి అద్భుతం, కానీ కాలి పెడళ్లు లేని ఆర్గన్ మీద దాన్ని మేం ఒప్పుకోం. ఆ పాట బరువంతా పెడళ్ల మీదే ఉంటుంది.

పైపు ఆర్గన్ అయితే హాలు వేడి గురించి కూడా అడుగుతాం. ఒక్క డిగ్రీ సెల్సియస్ మారితే మామూలు పైపుల శ్రుతి సుమారు 3 సెంట్లు జరుగుతుంది (సెంటు అంటే అర్ధస్వరంలో నూరో వంతు). 10 డిగ్రీల తేడా అంటే అర్ధస్వరంలో దాదాపు మూడో వంతు. ట్రంపెట్ స్టాప్ (స్టాప్ అంటే ఒక రకం పైపుల వరుసను తెరిచే, మూసే మీట) లాంటి రీడ్ పైపులు, అంటే లోపల లోహపు నాలుక కంపించి మోగేవి, అంతగా కదలవు, అందుకే రెండూ కలిపి మోగిస్తే శ్రుతి కలవక చెవికి గుచ్చుకుంటుంది. ఆర్గన్‌ను శ్రుతి చేసిన రోజున హాలు ఎంత వెచ్చగా ఉందో, పెళ్లి రోజునా అంతే ఉంచమని చర్చివారికి చెప్పండి.

పైపులోకి గాలి వదిలే కవాటంలో దుమ్ము చేరినా, తేమకు చెక్క ఉబ్బినా ఒక స్వరం ఆగకుండా మోగుతూనే ఉంటుంది. అప్పుడు ఆ స్టాప్‌ను మూసేయడమొక్కటే దారి. అందుకే ప్రతి పాటకూ బదులుగా వాడే స్టాప్‌ల జాబితా ముందే రాసిపెట్టుకుంటున్నాం. దాన్ని సరిచూసుకోవడానికి పెళ్లికి ముందురోజు ఒక గంట ఆర్గన్ దగ్గర మాకు ఇప్పించండి.

చాలాచోట్ల వాయించేవారి వీపు తలుపు వైపు ఉంటుంది. అద్దం గానీ కెమెరా గానీ లేకపోతే, మాకు కనిపించేచోట నిలబడి చెయ్యెత్తి సైగ చేసే మనిషిని మీరే పెట్టాలి. ఇప్పటికే బుక్ చేసుకున్నవారికీ ఈ ఫారం పంపుతున్నాం. పెళ్లికి రెండు వారాల ముందు కొలతలు అందితే చాలు.