నెల తప్పకముందే రాస్తున్నా

చిట్టీ,

నిన్న రెండో బిడ్డకి ముందు బరువు తగ్గాలన్న మాట ఎత్తగానే ఫోన్ పెట్టేశావు. ఫోన్లో అయితే నేనూ గొంతు పెంచుతాను, అందుకే రాస్తున్నా. తీరిగ్గా చదువు.

31 ఏళ్లు ఏఎన్ఎం నర్సుగా చేశాను, ఎంతమంది గర్భిణులను కాటా ఎక్కించానో లెక్కలేదు. కార్డు మీద ఏ నెలకి ఆ నెల బరువు రాసుకుంటూ పోయేవాళ్లం గానీ, నెల తప్పకముందు ఎంత ఉన్నావమ్మా అని ఎవరినైనా అడిగిన గుర్తు లేదు. 2016 నుంచి ప్రతి నెలా 9న డాక్టరు చేత చూపించి, రిస్కు ఉన్నవాళ్ల కార్డుకి ఎర్ర స్టిక్కర్ అంటించేవాళ్లం. అది పడేసరికి చాలామందికి ఐదో నెలో ఆరో నెలో ఉండేది. అప్పుడు బరువు తగ్గమనడానికి లేదు, కడుపుతో ఉండగా కడుపు మాడ్చుకుంటే బిడ్డకే ముప్పు.

మీ అక్క సంగతే చూడు. పెళ్లినాటికి 41 కిలోలు, అందరూ నాజూగ్గా ఉందని మురిసిపోయారు, నాతో సహా. బిడ్డ నెలలు నిండే పుట్టినా 2 కిలోల 100 గ్రాములే. తల్లి మరీ సన్నగా ఉంటే బిడ్డ తక్కువ బరువుతో పుట్టే అవకాశం ఎక్కువని నాకు తెలియదా? ఊళ్లో వాళ్లకి చెప్పాను, ఇంట్లో చెప్పలేదు.

ఇక నువ్వు. 155 సెంటీమీటర్ల ఎత్తుకి 74 కిలోలు, అంటే బీఎంఐ, అదే ఎత్తుకి తగ్గ బరువు లెక్క, దాదాపు 31. మన దేశంలో 23 దాటితేనే ఎక్కువ కింద లెక్క, 25 దాటితే ఊబకాయమే. మొదటి కాన్పులో ఏడో నెలలో బీపీ పెరిగింది, యూరిన్‌లో ప్రోటీన్ పోయింది, 33 వారాలకే ఆపరేషన్ చేసి బాబుని తీశారు. 19 రోజులు వాడు అద్దాల పెట్టెలో ఉంటే మనం బయట బెంచీ మీద ఎలా కూర్చున్నామో నీకు చెప్పక్కర్లేదు.

నీ లావు వల్లే అదంతా వచ్చిందని నేను అనట్లేదు. సన్నటివాళ్లకీ వస్తుంది, కళ్లారా చూశాను. కానీ ఒకసారి వచ్చినవాళ్లకి మళ్లీ వచ్చే వీలు ఎక్కువ, దానికి బరువు తోడైతే ఇంకా ఎక్కువ. షుగర్ రావచ్చు, బిడ్డ మరీ పెద్దదవచ్చు, రాయడానికి చెయ్యి రావట్లేదు గానీ కడుపులోనే బిడ్డ పోయే ప్రమాదం కూడా కొంత పెరుగుతుంది. జరిగిపోయిన కాన్పుని మార్చలేం, వయసుని ఆపలేం. మన చేతిలో కాస్తో కూస్తో ఉన్నది బరువొక్కటే.

తప్పులో నా వాటా కూడా ఉంది. ఇద్దరి తిండి తినాలని రోజూ నెయ్యి పోసి పెట్టాను, డబ్బాలకు డబ్బాలు సున్నుండలు చేశాను. ముందే బీఎంఐ 30 దాటినవాళ్లు కాన్పు దాకా 5 నుంచి 9 కిలోలు పెరిగితే చాలట, నువ్వు 17 పెరిగావు. అందులో కొంత నీరేలే, అయినా నేను సంబరపడ్డాను.

ఇరవై కిలోలు తగ్గమనట్లేదు. నాలుగైదు తగ్గినా మేలే. బిడ్డ కోసం ప్రయత్నించకముందే డాక్టరమ్మ దగ్గరికి వెళ్లు. ఇప్పుడు వేసుకుంటున్న బీపీ మాత్ర కడుపుతో ఉండగా వాడొచ్చో లేదో అడుగు, కొన్ని అస్సలు పనికిరావు. షుగర్, థైరాయిడ్ చూపించుకో. ఫోలిక్ యాసిడ్ ముందునుంచే మొదలుపెట్టాలి, నీ బరువుకి ఎంత డోసో ఆవిడనే చెప్పమను. నెల తప్పాక, మొదటి కాన్పులో వచ్చినట్టు మళ్లీ రాకుండా 16 వారాల లోపే తక్కువ డోసు ఆస్పిరిన్ మొదలుపెడతారు, అది కూడా అడిగి ఉంచుకో. నీ అంతట నువ్వు కొని మింగకు.

అల్లుడుగారిని కూడా సాయంత్రం నడకకి లాక్కుపో, ఆయన పొట్టా తక్కువేం లేదు. రెండో బిడ్డ ఎప్పుడని మీ అత్తగారు అడిగితే ఫోన్ నాకివ్వు, నేను మాట్లాడతాను.

పార్సిల్‌లో సున్నుండలు పంపుతున్నా, బాబు కోసం. లెక్కపెట్టి పన్నెండే పెట్టాను.

అమ్మ