రోడ్ల పద్దు గురించి చెల్లెమ్మకు చెప్పవలసినవి

ప్రియమిత్రమా,

నీ ఉత్తరం మొన్న సాయంత్రం అందింది. చెల్లెమ్మ కార్పొరేటరు హోదాలో మొదటిసారి బడ్జెట్ సమావేశానికి వెళ్లబోతున్నదనీ, రోడ్ల పద్దు మీద ఏమడగాలో తెలియక రెండు రాత్రులుగా ఎజెండా కాగితాలు ముందేసుకుని కూర్చుంటున్నదనీ రాశావు. అది చదివి నాకు చాలా సంతోషం కలిగింది. ముప్పై ఏళ్లు మునిసిపల్ ఇంజనీరింగ్ విభాగంలో పనిచేసిన నేను, ఎజెండా పూర్తిగా చదివి సభకు వచ్చిన సభ్యులను వేళ్ల మీద లెక్కపెట్టగలను.

కమిషనర్ తయారుచేసిన బడ్జెట్ స్థాయీ సంఘం పరిశీలన దాటి కౌన్సిల్ ముందుకు వచ్చేసరికి, రోడ్లకు ఇన్ని కోట్లు అన్న ఒక్క పంక్తిగా కనిపిస్తుంది. అందులో కొత్త రోడ్లకెంత, పాతవాటి మరమ్మతుకెంత, ఆ డబ్బు ఎక్కడినుంచి వస్తున్నది అన్నవి విడదీసి చూపించమని ఆమె మొదట అడగాలి. గ్రాంట్లు చాలావరకు దేనికి ఖర్చుపెట్టాలో షరతులతోనే వస్తాయి. మీలాంటి పది లక్షల లోపు జనాభా ఉన్న పట్టణాలకు 2021-26 కాలానికి 15వ ఆర్థిక సంఘం సిఫారసు చేసిన నిధులలో 60 శాతం తాగునీటికీ పారిశుద్ధ్యానికీ కట్టివేసినదే. మిగిలిన 40 శాతం మీదే రోడ్లు, దీపాలు, పార్కులు అన్నీ ఆశ పెట్టుకున్నాయి. అంటే మరమ్మతుల భారం చివరికి ఇంటిపన్ను మీదనే పడుతుంది. అయినా ఏ సభ్యుడూ తన డివిజన్‌లో గుంతలు పూడ్చారని శిలాఫలకం వేయించుకోలేడు కనుక, కోత పడినప్పుడల్లా మరమ్మతు పద్దే ముందుగా చిక్కిపోతుంది. ఆ పద్దును కాపాడటానికి చెల్లెమ్మ గట్టిగా నిలబడాలని నా కోరిక.

రెండవది టెండర్ల సంగతి. దీని గురించి కొంచెం ఎక్కువ రాస్తాను, ఏమీ అనుకోకు. కోటి రూపాయల అంచనా ఉన్న పనిని 30 శాతం లెస్‌కు, అంటే అంచనాకంటే అంత తక్కువకు చేస్తానని ఒక గుత్తేదారు వస్తే, 30 లక్షలు మిగిలాయని సభలో బల్లలు చరుస్తారు. తారు ధర, కంకర ధర, డీజిల్ ధర ఆ గుత్తేదారుకు మాత్రం తక్కువేమీ కావు. అంచనాకు ఆధారమైన ప్రభుత్వ ప్రామాణిక ధరల పట్టిక (ఎస్ఎస్ఆర్) రేట్లలో అతని లాభం ముందే కలిసి ఉన్నా, ఆ లాభాన్ని మొత్తంగా వదులుకున్నా 30 శాతం పూడదు. మరి ఆ తేడా ఎక్కడినుంచి వస్తుందంటే, రోడ్డు మందంలోంచి, మిశ్రమంలో కలిపే తారు శాతంలోంచి వస్తుంది. ఏడు మీటర్ల వెడల్పున ఒక కిలోమీటరు రోడ్డు మీద 30 మిల్లీమీటర్ల పొర వేయవలసిన చోట 25 మాత్రమే వేస్తే, 35 ఘనమీటర్లు, అంటే సుమారు 80 టన్నుల తారుమిశ్రమం మిగిలిపోతుంది. అది పది టన్నుల టిప్పర్లలో ఎనిమిది! కంటితో చూసిన ఎవరికీ ఆ అయిదు మిల్లీమీటర్లు తెలియవు. కోర్ కటింగ్ యంత్రంతో ముక్క కోసి కొలిస్తేనే తెలుస్తుంది. ఉమ్మడి రాష్ట్రంలో 2003లోనే, 25 శాతానికి మించి లెస్ వేసినవారు ఆ అదనపు తేడా మొత్తానికి బ్యాంకు గ్యారంటీ కట్టాలని ఉత్తర్వు వచ్చింది. కాబట్టి అటువంటి పని ఎజెండాలో కనబడితే, గ్యారంటీ ఫైలులో ఉన్నదా, దాని గడువు ఎప్పటివరకు, కోర్ కటింగ్ నివేదికలో మందం ఎంత అని ఆమె అడిగితే చాలు. ఇంజనీర్లు పని కొలతలు నమోదుచేసే ఎంబుక్‌లో రాసిన కొలతలకూ ఆ నివేదికకూ పొంతన కుదరకపోతే బిల్లు ఆపమని తీర్మానంలో రాయించవచ్చు.

నేను పనిచేసిన ఒక ఊళ్లో మార్చిలో వేసిన తారు రోడ్డును జూలైలో మంచినీటి పైపు కోసం తవ్వారు. పూడ్చిన చోట మట్టి కుంగింది, వాన నీరు తారు కిందికి దిగింది, సంక్రాంతి నాటికి ఆ వీధి మళ్లీ కంకర తేలింది. రోడ్డు పాడైతే గుత్తేదారే బాగుచేయవలసిన దోష బాధ్యత కాలం ఇంకా ఉన్నదని నేను గుత్తేదారును పిలిస్తే, తవ్వింది తాను కాదు కదా అన్నాడు. అతని మాటలో తప్పు లేదు, నా దగ్గర జవాబు లేదు. ఆ వీధి గుర్తుకొస్తే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

అందుకే హైదరాబాదులో సీఆర్ఎంపీ (సమగ్ర రోడ్ల నిర్వహణ కార్యక్రమం) పేరుతో చేసిన ఏర్పాటును నేను శ్రద్ధగా గమనించాను. 709 కిలోమీటర్ల ప్రధాన రహదారులను ఏడు ప్యాకేజీలుగా చేసి, సుమారు 1,839 కోట్లతో అయిదేళ్లపాటు ఏజెన్సీలకు అప్పగించారు. రోడ్డు వేయడమే కాక గుంతలు, ఫుట్‌పాత్‌లు, గీతలు, ఇతర శాఖలు తవ్విన కోతలు పూడ్చటం కూడా అదే ఏజెన్సీ బాధ్యతగా పెట్టారు. రోడ్డు పాడైతే తన చేతి డబ్బే పోతుందని తెలిసినవాడు మందం తగ్గించడానికి వెనకాడతాడు. మీ పట్టణానికి అంత పెద్ద ఒప్పందం అవసరం లేదు. నాలుగు ముఖ్యవీధులను ఇలా అయిదేళ్లకు అప్పగించి చూడమని ఆమె ప్రతిపాదించవచ్చు. అయితే పర్యవేక్షించే ఇంజనీర్లు లేకపోతే ఎంత మంచి షరతయినా కాగితం మీదనే ఉండిపోతుంది.

చెత్త సేకరణ ఒప్పందం కూడా ఎజెండాలో ఉన్నదని రాశావు. చెల్లింపు టన్నుల లెక్కన అయితే తడిసిన చెత్త, మట్టి, ఇటుక ముక్కలు కూడా కాటా ఎక్కుతాయి. తడి, పొడి వేరు చేయాలని నిబంధనలు ఉన్నా, వేరు చేస్తే బరువు తగ్గుతుందని ఎవరూ పట్టించుకోరు. చెల్లింపులో కొంత భాగాన్ని వేరు చేసిన ఇళ్ల సంఖ్యకు ముడిపెట్టమని అడగాలి. కార్మికుల పీఎఫ్, ఈఎస్ఐ చలానాలు చూడకుండా నెల బిల్లు కదలకూడదు. తెల్లవారక ముందే మన వీధులు ఊడ్చే ఆ తల్లుల జీతంలోంచి కోసిన డబ్బు వారి ఖాతాలో పడిందో లేదో చూడటం సభ్యుల కనీస ధర్మం.

ఎజెండాలోని రోడ్ల పుటలు, చెత్త ఒప్పందం షరతులు జిరాక్సు తీయించి రేపే రిజిస్టరు పోస్టులో పంపు. ప్రతి పనికీ పక్కన ప్రశ్న రాసి సమావేశానికి ముందే తిప్పి పంపుతాను. టేబుల్ ఎజెండా పేరుతో ఆ రోజు చేతికిచ్చే కాగితాల మీద మాత్రం చదవకుండా చెయ్యి ఎత్తవద్దని అన్నయ్య మరీ మరీ చెప్పాడని చెల్లెమ్మతో చెప్పు.

నీ బాల్యమిత్రుడు